ధర్మశాస్త్రమును తెలుగు చేసిన కేతన

తెలుగు సాహిత్యచరిత్రను చదువు ప్రతి విద్యార్థికిని మూలఘటిక కేతన పేరు పరిచితమే. దశకుమారచరిత్రమును రచించి అభినవదండి యనిపించుకొన్న కవిగా అతడు ప్రసిద్ధుడు. తెలుగు వ్యాకరణమును తెలుగులోనే తొలిసారిగా చెప్పిన ఆంధ్రభాషాభూషణ కర్తగా ఉపాధ్యాయులు ఆయనను స్మరింతురు. కాని ఆయన రచించిన మరియొక గ్రంథము, విజ్ఞానేశ్వరీయము, పరీక్షాపత్రములలో ఒక పేరుగా మిగిలినదే గాని, దానియందేమున్నదో తెలిసికొనగోరువారు తక్కువ. అది కావ్యము కాదు, పురాణము కాదు. అప్పులు, కుదువలు, సరిహద్దు తగవులు, దాయభాగములు, సాక్షులు, దండనలు, ఇట్టి వానిని గూర్చి చెప్పు పుస్తకము. తెలుగు భాషలో వెలసిన తొలి ధర్మశాస్త్ర గ్రంథము అదియే. తన తగవు ఏ నియమమును బట్టి తీర్పబడుచున్నదో సామాన్యునకు తన భాషలో తెలియవలెనా, అక్కరలేదా యను ప్రశ్నకు ఏడువందల యేండ్లకు పూర్వమే ఒక తెలుగు కవి యిచ్చిన సమాధానము అది.

కేతన పదుమూడవ శతాబ్దమువాడు. ఆ శతాబ్దమున తెలుగుదేశము ఒక గొప్ప సంధికాలమున నుండెను. ఓరుగల్లున కాకతీయ గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు రాజ్యమేలి, విడివిడిగా నున్న తెలుగు మండలములను చాలవరకు ఒక గొడుగు క్రిందికి తెచ్చెను. ఉత్తరమున సింహాచల ప్రాంతము కళింగ గాంగుల యేలుబడిలో నుండెను. దక్షిణమున నెల్లూరిని తెలుగుచోడుడగు మనుమసిద్ధి యేలుచుండెను. మనుమసిద్ధి ఆస్థానమున మంత్రియు కవియు నైన తిక్కన యుండెను. భారతమున విరాటపర్వము మొదలుగా పదునైదు పర్వములను తెనిగించి, కవిబ్రహ్మ యని పేరొందిన మహనీయుడు ఆతడే. దాయాదుల వలన మనుమసిద్ధి రాజ్యము కోల్పోయినప్పుడు తిక్కన ఓరుగంటికి పోయి గణపతిదేవుని సాయము గొనివచ్చెననియు, రాజ్యము తిరిగి మనుమసిద్ధికి దక్కెననియు సిద్ధేశ్వరచరిత్రము చెప్పుచున్నది. అట్టి తిక్కన యొద్ద శిష్యస్థానమున మెలగి, ఆయన మన్ననను పొందినవాడు కేతన.

కేతన దశకుమారచరిత్రమును రాజునకు కాక తిక్కనకే అంకిత మొసగెను. ఒక కవి మరియొక కవికి కృతి నిచ్చుట అరుదైన విషయము. ఆ కావ్యావతారికలో కేతన తిక్కన వంశమును, పెద్దలను, గుణగణములను విస్తరించి వర్ణించెను. నేడు తిక్కన వంశచరిత్రమును వ్రాయువారు ఆధారము కొరకు మొదట చూచునది ఆ అవతారికనే. గురువు కీర్తిని శిష్యుడు కాపాడెననుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

దండి సంస్కృతమున వ్రాసిన దశకుమారచరితము వచన కావ్యము. కేతన దానిని పద్యగద్యాత్మకమగు తెలుగు కావ్యముగా మలచెను. ఆ కథలలో దేవతలకంటె మనుష్యులే యెక్కువగా కనబడుదురు. వర్తకులు, జూదరులు, వేశ్యలు, కన్నగాండ్రు, లోభులు, మోసగాండ్రు అందు తిరుగాడుచుందురు. అపహారవర్మ కథయందు ఒక మాయ తోలుతిత్తి వచ్చును. దానిని నెపముగా గొని పన్నిన కుట్ర వలన అర్థపతి యను ధనికునిపై దొంగతనము మోపబడును. రాజు ఆ నేరమును నమ్మి వానికి దేశబహిష్కారము విధించును. పాఠకుడు నవ్వుకొనును. కాని ఆ నవ్వు వెనుక ఒక చిక్కు ప్రశ్న యున్నది. వస్తువు ఒకని యింట దొరికినంత మాత్రమున వాడు దొంగ యగునా? సాక్ష్యమును ఎట్లు పరీక్షింపవలెను? కథలో నవ్వు పుట్టించిన ఈ ప్రశ్న ధర్మశాస్త్రములో మనుష్యుని ప్రాణముతోను, మానముతోను ముడిపడినది. లోకవ్యవహారమును ఇంత దగ్గరగా చూచిన కవి ధర్మశాస్త్రమునకు చేయి చాచుట వింత కాదు.

ఆంధ్రభాషాభూషణము చిన్న గ్రంథము. నన్నయ పేర వ్యవహరింపబడు ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతమున నుండగా, కేతన తెలుగు భాషా లక్షణమును తెలుగు పద్యములలోనే చెప్పెను. తత్సమము, తద్భవము, అచ్చతెనుగు, దేశ్యము, గ్రామ్యము అని పదములను విభజించెను. సంధులు, విభక్తులు, సమాసములు, క్రియలు మున్నగువానిని విద్యార్థికి పట్టుపడునట్లు తేలిక మాటలలో వివరించెను. అంతవరకు శాస్త్రమనగా సంస్కృతమే యను అభిప్రాయము లోకమున వేళ్లూని యుండెను. కథలకు, పురాణములకు తెలుగు చాలును గాని శాస్త్రచర్చకు చాలదని తలచు పండితులకు కేతన వాదముతో కాక గ్రంథముతో బదులు చెప్పెను. వ్యాకరణమును చెప్పగలిగిన భాష వ్యవహారధర్మమును మాత్ర మేల చెప్పలేదు? విజ్ఞానేశ్వరీయము ఈ ప్రశ్నకు సహజముగా వచ్చిన ఫలితము.

దానికి మూలమగు మితాక్షర చరిత్రము కొంత తెలిసికొనవలెను. యాజ్ఞవల్క్యస్మృతి ప్రాచీన ధర్మశాస్త్రములలో మిక్కిలి క్రమబద్ధమైనది. ఆచారము, వ్యవహారము, ప్రాయశ్చిత్తము అను మూడు అధ్యాయములుగా నది విభక్తమై యున్నది. కల్యాణి నగరమున 1076 నుండి 1126 వరకు పాలించిన చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడను యతి ఆ స్మృతికి వ్యాఖ్య వ్రాసెను. అదియే మితాక్షర. పేరునకు మితాక్షరమే గాని, ఒక్కొక్క శ్లోకముపై పూర్వపక్ష సిద్ధాంతములతో అది విస్తారమైన చర్చ చేయును. ఒక స్మృతి మరియొక స్మృతితో విభేదించినపుడు, రెంటికిని పొందిక కుదుర్చుట విజ్ఞానేశ్వరుని నేర్పు. కాలక్రమమున ఆ వ్యాఖ్య వంగదేశము తప్ప భారతదేశమున దాదాపు అంతటను ప్రమాణగ్రంథ మయ్యెను.

విచిత్రమేమనగా, సరిగా ఆ కాలముననే ఐరోపాలోను ఇట్టి ప్రయత్నమే జరిగినది. ఇటలీ దేశమున బొలోన్యా నగరములో ఇర్నేరియసు అను పండితుడు, ఆరవ శతాబ్దమున జస్టీనియను చక్రవర్తి క్రోడీకరింపజేసిన రోమను ధర్మశాస్త్రమును బోధించుచు, మూలవాక్యములకు ప్రక్కలయందు వ్యాఖ్యలు వ్రాయ మొదలిడెను. ఆయన శిష్యపరంపర మూలగ్రంథమును మార్చలేదు. వ్యాఖ్యచేతనే దానిని తమ కాలమునకు పనికివచ్చునట్లు చేసినది. 1140 ప్రాంతమున గ్రేషియను అను మరియొక పండితుడు క్రైస్తవ మఠధర్మములలోని పరస్పర విరుద్ధ వాక్యములను ఒకచోట చేర్చి సమన్వయించెను. కల్యాణి పండితునకును బొలోన్యా పండితులకును పరస్పరము పరిచయము లేదు. అయినను పాత వాక్యమును గౌరవించుచు క్రొత్త జీవితమునకు దారి చూపుటకు వ్యాఖ్యానమే సాధనమని ఇరువురును గ్రహించిరి.

విజ్ఞానేశ్వరుని వెనుక సుమారు నూటయేబది యేండ్లకు కేతన ఆ గ్రంథమును తెలుగునకు తెచ్చెను. మితాక్షరలోని ప్రతి చర్చను తెనిగించుట ఆయన యుద్దేశము కాదు. పండితుల వాదోపవాదములను చాలవరకు విడిచి, సారమును గ్రహించి, ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండములుగా పద్యములలో కూర్చెను. పద్యము అప్పటికి అలంకారము మాత్రమే కాదు, జ్ఞాపకమునకు సాధనము. తాళపత్ర ప్రతి అందరి యొద్దను ఉండదు. నోటికి వచ్చిన పద్యము గ్రామపెద్ద వెంట రచ్చబండకు పోగలదు. ఆస్థానములలో సంస్కృత పండితు లుందురు గాని, పల్లెలలో తగవు తీర్చువారిలో సంస్కృతము తెలిసినవా రెందరు? ధర్మమును తెలుగు చేయుటలోని ప్రయోజన మిందువలన స్పష్టమగుచున్నది.

ఆ ధర్మశాస్త్రమున వ్యవహారము, అనగా వ్యాజ్యము, నాలుగు పాదములతో నడచును. మొదటిది వాది చెప్పుకొను అభియోగము. దానిని ప్రతివాది యెదుటనే సంవత్సరము, మాసము, పక్షము, దినము, పేరు మున్నగు గుర్తులతో వ్రాయవలెను. రెండవది ప్రతివాది యుత్తరము. అదియు వాది సమక్షముననే వ్రాయబడవలెను. మూడవది సాక్ష్యము. నాలుగవది నిర్ణయము. చాటున చెప్పిన కొండెమును బట్టి ఎవనినైనను శిక్షింపరాదను సూత్రము ఈ క్రమములోనే ఇమిడి యున్నది. రాజు కోపలోభములను విడిచి విద్వాంసులతో కూర్చుండి తగవు విచారింపవలెను. సభ్యులు శత్రుమిత్రుల యెడ సమబుద్ధి గలవారై యుండవలెను. స్నేహముచేతనో, లోభముచేతనో, భయముచేతనో వారు తప్పు తీర్పు చెప్పినచో, ఓడినవానికి విధించు దండమునకు రెట్టింపు దండమును ఒక్కొక్క సభ్యుడును చెల్లింపవలెను. న్యాయాధిపతి కూడ ధర్మమునకు లోబడినవాడే యను భావము ఇంత సూటిగా చెప్పబడుట గమనింపదగినది.

న్యాయసభ లన్నియు రాజుగారివే కావు. కుటుంబ బంధువులతో కూడినది కులము. ఒక వృత్తివారి సంఘము శ్రేణి. ఒక ఊరనుండు పలు వృత్తులవారి కూటము పూగము. వీనికిపైన రాజు నియమించిన సభ. క్రింది సభలో తీరని తగవు పైసభకు పోవచ్చును. బలాత్కారముచేతనో, మోసముచేతనో జరిగిన వ్యవహారము చెల్లదు. మత్తులో నున్నవాడు, ఉన్మత్తుడు, రోగపీడితుడు, బాలుడు, భయపడినవాడు చేసిన ఒప్పందము చెల్లదు.

ప్రమాణములు మూడు: వ్రాత, అనుభవము, సాక్షులు. పరుడు తన భూమిని అనుభవించుచుండగా చూచుచు ఇరువది యేండ్లు ఊరకున్న యజమానుడు నష్టపడునని స్మృతివాక్యము. దానికి విజ్ఞానేశ్వరుడు చెప్పిన అర్థము సూక్ష్మమైనది. ఊరకున్నవాడు ఆ యేండ్ల ఫలమును కోల్పోవును గాని భూమిపై హక్కును కోల్పోడని ఆయన వాదించెను. అన్యాయపు అనుభవము కాలము గడచినంత మాత్రమున న్యాయము కాదని ఆయన భావము.

అప్పుల విషయమున శాస్త్రము లెక్క కట్టి మాటలాడును. కుదువ యున్న అప్పునకు నెలకు ఎనుబదవ వంతు వడ్డి. అడవిదారుల వెంట పోవు వర్తకులు నూటికి 10, సముద్రము దాటువారు నూటికి 20 చొప్పున ఇచ్చుకొనవలెను. అపాయమెంతయో వడ్డియు నంత. చోరులు దోచిన సొమ్మును రాజు ప్రజలకు తిరిగి యిప్పింపవలెను. దొంగ జాడ ఊరు దాటి పోనిచో గ్రామాధికారి దానికి బాధ్యుడు. పన్ను గొనువాడు రక్షణ మీయవలెనను న్యాయమే దీనికి మూలము.

పొలిమేర తగవుల ఘట్టము పల్లెటూరి బడిలో చదువు విద్యార్థికి సైతము ఆసక్తి కలిగించును. గట్లు, చెట్లు, పుట్టలు, పాతిపెట్టిన బొగ్గులు, ఊక, ఎముకలు సరిహద్దు గుర్తులుగా చెప్పబడినవి. ఇరుగుపొరుగు పొలములవారిని, ముసలివారిని, గోపాలురను, అడవిలో తిరుగువారిని అడిగి హద్దు నిర్ణయింపవలెను. నలుగురో, ఎనమండుగురో, పదుగురో పొరుగువారు ఎఱ్ఱని పూలదండలు దాల్చి, ఎఱ్ఱని వస్త్రములు ధరించి, మట్టిని నెత్తిన నిడుకొని హద్దు వెంట నడచి చూపవలెను. నెత్తిన మట్టి యున్నవాడు ఆ మట్టిపైననే అబద్ధమాడుటకు వెనుదీయునని పెద్దల నమ్మకము.

పశువుల మేతను గూర్చిన నియమములును ఇందు కలవు. ఊరికిని పొలములకును నడుమ నూరు ధనువుల నేల, పట్టణమైనచో రెండువందలు, నగరమైనచో నాలుగువందల ధనువుల నేల బీడుగా విడువవలెను. యజమానునకును పసులకాపరికిని నడుమ పుట్టు తగవులకు వేరుగా ఒక ప్రకరణమే కలదు. ఈ నియమములు నెల్లూరిసీమకు పుస్తకపు మాటలు మాత్రమే కావు. కరవు వచ్చి కాటమరాజు తన గొల్లబలగముతో, వేలకొలది ఆవులతో నెల్లూరి బీళ్లకు వచ్చెననియు, పుల్లరి చెల్లింపు విషయమున సిద్ధిరాజుతో తగవు పడెననియు కాటమరాజు కథ చెప్పుచున్నది. ఒప్పందపు మాటకు ఒకరు ఒక అర్థము, మరియొకరు వేరొక అర్థము చెప్పుకొనిరి. విచారించి తీర్పగల సభ లేక ఆ తగవు యుద్ధముగా మారినది. తిక్కన కవికి జ్ఞాతియగు ఖడ్గతిక్కన ఆ పోరులోనే ఎఱ్ఱగడ్డపాటి యొద్ద నేలకొరిగెనని ప్రతీతి. మేతపన్నును గూర్చిన ఒక మాట తెగక వీరులు, గోవులు, కాపరులు కూలిరి. తన గురువు ఇంటనే ఇట్టి దుఃఖము నెలకొన్న కాలమున కేతన జీవించెను. ఖడ్గము తీర్చలేని దానిని వ్రాతయు, సాక్షియు, సభయు తీర్పవలెనను ధర్మశాస్త్రపు మాటకు అట్టి కాలమున ఎంత విలువ యుండునో ఊహింప వచ్చును.

ఈ శాస్త్రమున నేటి బుద్ధికి సరిపడని యంశములును కలవు. మానుష ప్రమాణములు దొరకనప్పుడు దివ్యములను ఆశ్రయింపుమని అది విధించును. త్రాసు, నిప్పు, నీరు, విషము, కోశోదకము అని ప్రధానమైన దివ్యములు అయిదు. గొప్ప అభియోగములకే వానిని ఉపయోగింపవలెనని కట్టడి యున్నది. ఐరోపాలోను కాలిన ఇనుమును పట్టించుట, నీట ముంచుట వాడుకలో నుండెను. 1215 లో రోమునగరమున జరిగిన నాల్గవ లాటరను మహాసభ అట్టి పరీక్షలలో మతాచార్యులు పాల్గొనరాదని నిషేధించెను. పూజారి మంత్రము లేని పరీక్షకు జనులలో విలువ తగ్గి, ఇంగ్లండున జూరీ విచారణ బలపడెను. మన దేశమున వ్రాతకును సాక్షికిని తొలిస్థానమిచ్చి, దివ్యమును కడపట నుంచుట శాస్త్రకారులు చూపిన వివేకము. కాని ఆ కడపటి ద్వారమును వారు మూసివేయలేదు.

అంతకంటె పెద్ద దోషము మరియొకటి. వడ్డీ మొదలు దండన వరకు పెక్కు నియమములు వర్ణమును బట్టి మారును. కుదువ లేని అప్పునకు నూటికి రెండు, మూడు, నాలుగు, అయిదు చొప్పున వడ్డి వర్ణక్రమమున పెరుగును. అనగా మిక్కిలి క్రిందివానిపైననే మిక్కిలి భారము పడును. ఒకే తప్పునకు ఒకనికి తేలిక శిక్ష, వేరొకనికి కఠిన శిక్ష. కేతన ఈ భేదములను కల్పింపలేదు. తన మూలమున నున్నవానిని తన కాలపు మనుష్యునిగా స్వీకరించెను. సమత్వమును ప్రాథమిక హక్కుగా ప్రకటించిన భారత రాజ్యాంగము 1950 లో అమలునకు వచ్చిన పిదప అట్టి భేదమునకు చట్టమున చోటు లేదు. ప్రాచీన గ్రంథమును గౌరవించుట యనగా దాని లోపములను కప్పిపుచ్చుట కాదు.

వ్రాతకు అంత విలువ నిచ్చిన ఈ ధర్మము శిలలమీదను కనబడును. భూమిని దానమిచ్చు రాజు వస్త్రముపైగాని, రాగిరేకుపైగాని, తన వంశమును, దానవివరమును, కాలమును వ్రాయించి ముద్ర వేయింపవలెనని యాజ్ఞవల్క్యుని విధి. చోడవరమునకు అట్టే దూరము కాని సింహాచల దేవాలయమున వందలకొలది శాసనములు కలవు. వానిలో ప్రాచీనమైనది 1099 నాటిది. అఖండదీపములకు భక్తులు భండారమున ఒడ్డిన గండమాడల లెక్కలు, నివేదనలకు ఇచ్చిన భూముల వివరములు, ఎవరికి ఏమి ముట్టవలెనో తెలుపు కట్టుబాట్లు ఆ రాళ్లపై తెలుగున చదువనగును. సముద్రతీరమున మోటుపల్లి రేవులో గణపతిదేవుడు 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము మరియొక మేలుబంతి. గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు కాజేయుచుండగా, తాను నియతమగు సుంకము తప్ప వేరేమియు గొననని ఆయన వర్తకులకు మాట యిచ్చెను. ఇంగ్లండులో 1275 లో చేయబడిన చట్టము, పగిలిన ఓడనుండి మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణముతో బయటపడినచో ఆ సరకు దిక్కులేనిది కాదని శాసించినది. ఒకే శతాబ్దమున రెండు దూరతీరములయందు బలవంతుని పేరాస పై ధర్మము హద్దు గీసినది.

ఆ శతాబ్దముననే ఐరోపాయందు ధర్మశాస్త్రము లాటిను గడి దాటి దేశభాషలలోనికి వచ్చెను. జర్మనుల దేశమున ఐకే ఫాన్ రెప్గో అను వీరుడు 1220, 1235 సంవత్సరముల నడుమ సాక్సను జాతి ఆచారధర్మములను తొలుత లాటినున కూర్చి, తన ప్రభువు కోరికపై జర్మను భాషలోనికి మార్చెను. కాస్టీలు దేశపు రాజు పదవ అల్ఫాన్సో 1256 లో ప్రారంభింపజేసిన ఏడు భాగముల ధర్మసంహిత ఆ దేశభాషలో రూపొందినది. ఫ్రాన్సున ఫిలిప్ ద బోమనువారు 1283 లో బోవే ప్రాంతపు ఆచారములను ఫ్రెంచిలో వ్రాసెను. ఇంగ్లండున న్యాయసభలలో ఫ్రెంచి వాడుక ప్రజలకు తెలియుట లేదని, వాదములు ఇంగ్లీషున జరుగవలెనని 1362 లో చట్టము చేసిరి. ఆ చట్టము కూడ ఫ్రెంచిలోనే వ్రాయబడుట ఒక వింత. కేతన పేరు ఈ వరుసలో చేర్పదగినది. వారిలో కొందరికి రాజాజ్ఞ యుండెను, కొందరికి అధికారపదవి యుండెను. కేతనకు ఉన్నది భాషాజ్ఞానమును, భాషపై విశ్వాసమును. ఐకే జాతి ఆచారములను ప్రోగుచేయగా, కేతన శాస్త్రమును జాతి భాషలోనికి దించెను. దారులు వేరు; చేరిన చోటు ఒకటే.

మితాక్షర ప్రభావము కేతన తరముతో ముగియలేదు. కుమారునకు తాతతండ్రుల ఆస్తిలో పుట్టుకతోనే హక్కు కలుగునని విజ్ఞానేశ్వరుడు చెప్పిన సిద్ధాంతము ఉమ్మడి కుటుంబమునకు పునాది యయ్యెను. విభక్తుడై కుమారులు లేక మరణించినవాని ఆస్తి మొదట భార్యకు, పిదప కుమార్తెలకు చెందునని చెప్పుట ఆ కాలమునకు ముందడుగు. కాని ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు జన్మహక్కు లేదు. 1810 లో కోల్‌బ్రూకు దొర మితాక్షరలోని దాయభాగమును ఇంగ్లీషున ప్రకటించిన పిదప ఆంగ్లేయ న్యాయస్థానములు దానినే ప్రమాణముగా గొనెను. తెలుగువారి ఇండ్ల తగవులు కేతన తెలుగును విడిచి, సంస్కృతమునుండి ఇంగ్లీషునకు మారిన వాక్యములపై తీర్పబడెను. 1956 లో హిందూ వారసత్వ చట్టము వచ్చినను ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన స్థానము లభింపలేదు. ఆంధ్రప్రదేశ శాసనసభ ఆ చట్టమును సవరించి, 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితలగు కుమార్తెలకు పుట్టుకతోనే హక్కు కల్పించెను. 2005 లో కేంద్ర చట్టము దేశమంతట కుమార్తెలకు ఆ హక్కు నిచ్చినది. విజ్ఞానేశ్వరుడు కుమారునకు చెప్పిన జన్మహక్కును తొమ్మిది వందల యేండ్ల పిమ్మట కుమార్తెయు పొందినది.

కేతన తరువాత ఆ దారి తెగిపోలేదు. పదునైదవ శతాబ్దమున మడికి సింగన సకలనీతిసమ్మతమున అనేక నీతిగ్రంథముల సారమును తెలుగున సంధానించెను. ఆంధ్రభాషాభూషణమును పిమ్మటి లాక్షణికులు ఆదరించిరి. దశకుమారచరిత్రము కథాకావ్యములకు దారి చూపినది. విజ్ఞానేశ్వరీయము మాత్రము కవితారసికుల కంటికి శుష్కముగ తోచినందువలన వెనుకబడినది. కాని దానిని రసముకొరకు కాదు, తెలుగు మాటల కొరకు చదువవలెను. వడ్డి, కుదువ, పొత్తు, పాలు, తగవు, పూట మున్నగు జీవద్భాషా పదములు శాస్త్రార్థమును మోయగలవని గుర్తెరుగుటకు అట్టి గ్రంథమే పాఠశాల.

ఆంధ్రప్రదేశమున 1966 లో అధికారభాషా చట్టము చేయబడినది. అయినను ఉన్నత న్యాయస్థానపు భాష రాజ్యాంగము 348 వ అధికరణమును బట్టి నేటికిని ఇంగ్లీషే. చోడవరము వంటి ఊరి న్యాయస్థానపు ముంగిట కూర్చున్న రైతు తన పొలిమేర తగవు కాగితములో నేమి వ్రాసియున్నదో ఇతరుని అడిగి తెలిసికొనవలసి వచ్చుచుండును. ఆతని పొలము తెలుగునేల, ఆతని మాట తెలుగు, ఆతని సాక్షులు తెలుగువారు. తీర్పు మాత్రము వేరు భాషలో వచ్చును. ధర్మము తెలియనివాడు ధర్మమును అడుగలేడు. రాజు లడుగకున్నను, బిరుదము రాకున్నను, పద్యము పద్యముగా ధర్మశాస్త్రమును తెలుగువాకిట నిలిపిన కేతన తన పనిని తాను చేసెను. మిగిలిన పని తరువాతి తరములది.